జెయింట్ వీల్ కోసం కట్టిన సద్ది

మే నెలలో ఒక గురువారం, పొద్దున ఆరున్నరకు, ఉదయగిరి బస్టాండులో మమ్మల్ని చూసి ఒక ముసలాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. మా వైపు అలా తలగుడ్డ తీశారంటే ఎవరో పోయారని అర్థం. మా ఇంట్లో పోయినవాళ్లెవరూ లేరు. మేము నెల్లూరు ఎగ్జిబిషన్‌కు, జెయింట్ వీల్ ఎక్కడానికి బయలుదేరాం. తప్పు ఆ ముసలాయనది కాదు, మా అవ్వ నెత్తి మీదున్న గంపది.

ఆ రోజుల్లో ఊరికే చూసి రావడానికి ఊరు దాటడం అనేది మా ఇళ్లలో లేదు. పెళ్లికి పోతారు, చావుకు పోతారు, కరువొస్తే గొర్రెల మందను తోలుకొని మేత ఉన్న దిక్కుకు పోతారు. అంతే. (ఇప్పుడు మా మనవలు ఆదివారం వచ్చిందంటే చాలు, ఇంట్లో ఉంటే రోగమొస్తుందన్నట్టు బయటపడతారు.) డెబ్బైల చివర్లో ఆ ఏడు వానలు మొగం చూపించలేదు. మేత లేక నాయన మందలో సగానికి పైగా అమ్మేశాడు. కొన్నవాడు కసాయి. నా చేతి మీద పెరిగిన బొల్లిపిల్ల కూడా అందులో పోయింది. ఆ రోజు నాయన ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా గోడకు తిరిగి పడుకున్నాడు. అమ్మ ఆయన వీపుకే చెప్పింది. "ఉండేదంతా ఎట్టాగూ కరువు తినేదే. పిల్లోళ్లకు ఆ తిరిగే చక్రమన్నా చూపించరాదా? రేపు ఇది అత్తగారింటికి పోతే ఇంగేం జూస్తాది?" ఇది అంటే నేను. పదమూడేళ్లు. ఆ చక్రం బొమ్మ ఉదయగిరిలో గోడ మీద అంటించి ఉంటే చూశాను. కింద ఏం రాసుందో నాకు తెలియదు. నాకు అక్షరం ముక్క వచ్చింది నలభై దాటాక. తొమ్మిది చదివే మా అన్న చదివి చెప్పాడు. జెయింట్ వీలంట, బావి గోడ మీద మోటారు సైకిలు తిప్పే మనిషంట, మనల్ని పొట్టిగా లావుగా చూపించే అద్దాలంట. నాయన గోడవైపు నుంచి తిరక్కుండానే "సరే" అన్నాడు. అలా మా ఇంట్లో మొదటిసారి సరదా ప్రయాణం కుదిరింది.

కుదరగానే మొదలైంది తిండి గొడవ. నెల్లూరిలో సత్రంలో దిగి ఒక రోజు ఎగ్జిబిషన్, ఒక రోజు ఊరు, ఒక రోజు మైపాడు సముద్రం. నాయన హోటలు కూడు తినడు. ఎవరు ఉడికించారో, ఏం కోశారో తెలియనిది నోట్లో పెట్టనంటాడు. కాబట్టి మూడు రోజుల తిండీ ఇంటి నుంచే పోవాలి. అమ్మ పొయ్యి ముందు కూర్చొని, వేళ్లు మడుస్తూ ప్లాను వేసింది. మొదటి రోజుకు పులుసన్నం. చింతపండు బాగా పట్టిస్తే మర్నాటికి కూడా పాడవదు. రెండో రోజుకు నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, చెనిగ్గింజల కారం. మూడో రోజుకు అటుకులు, బెల్లం. సత్రం దగ్గర పెరుగు దొరికితే పెరుగు. మధ్యలో నమలడానికి చక్రాల్లాంటి మణుగుబూలు ఒక డబ్బా, వేయించిన పిండిలో బెల్లం పాకం పోసి చుట్టే పొరివిళంగాయలు ఒక డబ్బా. ఆరిన పొరివిళంగాయ రాయితో కొడితే గానీ పగలదు. అందుకే అది ప్రయాణానికి మంచిది, తొందరగా అయిపోదు. ఇప్పటికీ చెబుతున్నా, పిల్లల్ని వేసుకొని ఎక్కడికన్నా పోయేవాళ్లకు అమ్మ ప్లాను కంటే మంచిది లేదు. దాన్ని పాడు చేసింది మా అవ్వ. నాయనను కన్నతల్లి.

ఎందుకు పాడు చేసిందో మాకు ఆ రోజు తెలియదు. మీరు కూడా నాలాగా వెర్రిమొగం వేసుకొని కూర్చోవడమెందుకు, ఇప్పుడే చెప్పేస్తాను. ముందు రోజు అవ్వ, నేను సరుకులకు ఉదయగిరి బజారుకు పోయాం. మా సరుకుల సాయిబు వారానికొకసారి ఆత్మకూరు పోయి సరుకు తెచ్చుకుంటాడు. ఆత్మకూరులో మా మేనత్త ఇల్లు ఉంది. ఆమె మొగుడు, అంటే మా మామ, లారీ డ్రైవరు. కందిపప్పు తూస్తూ సాయిబు గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, మీ అల్లుడి సంగతి తెలిసినాదా?"

"ఏమైనాది?"

"కామెర్లు ముదిరినాయంట. ఆస్పత్రిలో ఇంటికి తీసకపొమ్మన్నారంట. మొన్న నేనే చూసొచ్చినా. మనిషి మంచానికి అతుక్కపొయినాడు. ఇంగ అల్లా దయ. రెండు దినాలో, మూడు దినాలో."

అవ్వ కాసేపు తక్కెడ వైపు చూసింది. తర్వాత, "పప్పు రెండు కిలోలు అన్నా కదా. ఆరు చెయ్యి. బియ్యం కూడా పెంచు," అంది. సాయిబు చెయ్యి ఆగింది. ఎందుకని అడగలేదు. తూచి కట్టాడు. (నేను పక్కనే ఉన్నాను. కానీ నా ధ్యాసంతా బెల్లం గడ్డ మీద పాకే చీమల మీద ఉంది.)

ఆ ఆరు కిలోల సంగతి తెలియాలంటే మా ఆచారం ఒకటి తెలియాలి. మనిషి పోయిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఆ పూట కూడు ఆ ఇంటి ఆడదాని పుట్టింటి నుంచి రావాలి. పప్పు, అన్నం. తాళింపు పెట్టకూడదు, పొయ్యి మీద నూనె కాగిన వాసన ఆ ఇంట్లోకి పోకూడదు. గంపకు మూత ఉండదు, తెల్లగుడ్డ కప్పుతారు. ఆ గంప రాకపోతే ఆమెకు పుట్టిల్లు లేనట్టే లెక్క. దిక్కులేనిదని నలుగురూ నోరు విప్పే అంటారు. మా ఇంటి నుంచి ఆ గంప పోయేది కాదు. ఏడేళ్ల ముందు, వరసకు మాకు చిన్నాన్నయ్యే ఒకాయన పెళ్లిలో ఆకు ముందు కూర్చున్న మామ, పదిమందీ వినేట్టు అన్నాడు. "ఏం బామ్మర్దీ, ఈ గొర్రెను నువ్వు కోసినావా, అదే పోయినాదా?" పందిరంతా నవ్వింది. గొర్రెలు మేపేవాడిని చచ్చిన గొర్రె కూర పెట్టాడనడం కంటే పెద్ద తిట్టు లేదు. నాయన చేతిలో గరిటె అలాగే పట్టుకొని, "నీ గడప తొక్కితే నేను మా అబ్బకు పుట్టలేదు," అన్నాడు. ఆ రోజు నుంచి అత్త మా ఊరికి రాలేదు, మేము ఆత్మకూరులో దిగలేదు. మధ్యలో అవ్వ నలిగింది. సాయిబు చెప్పిన మాట ఇంట్లో చెబితే కొడుకు ఏం చేస్తాడో ఆమెకు తెలుసు. ఆత్మకూరు దారి వదిలేసి, మమ్మల్ని కావలి మీదుగా తిప్పి నెల్లూరు చేరుస్తాడు. అందుకని నోరు మూసుకొని, మా జెయింట్ వీల్ ప్రయాణంలోనే తన గంప కూడా కట్టింది.

తెల్లారకముందే వంటింట్లో రాగి గుండిగ ఎక్కింది. అమ్మ కళ్లు నులుముకుంటూ వచ్చి చూసి, "ఏందత్తా ఇది? మనం అయిదు మందిమి. ఇంత ఎవురు తింటారు?" అంది.

"తినేవాళ్లు ఉంటారులే."

"పప్పన్నం సాయంత్రానికే పాచిపోతాది అత్తా. ఎండ చూడు ఎట్టుండాదో."

"పాచిపోయేదాకా ఉండదులే."

"తాళింపన్నా పెట్టనీ. చప్పిడి పప్పు పిల్లోళ్లు ఎట్టా మింగుతారు?"

అవ్వ గరిటె లాక్కుంది. "తాళింపు వాసనకు బస్సులో కక్కుతారు. వద్దు." అమ్మకు అక్కడన్నా అనుమానం రావాలి. రాలేదు. పాపం ఆమె మనసంతా మణుగుబూల డబ్బా మూత సరిగ్గా పట్టలేదనే దాని మీద ఉంది. అన్నేమో, "పప్పు కూడు తీసకపొయ్యి సముద్రం కాడ తింటే అందరూ మనల్ని చూసి నగుతారు," అని గొణిగాడు. వాడి బాధ వాడిది.

ఇంక గంప ఎత్తుకొని బజారులో నడిచాం. అవ్వ ముందు. వెనక అమ్మ, నేను. ఆ వెనక గుడ్డల మూటతో నాయన, డబ్బాలతో అన్న. కొండ కింద వీధిలో అరుగు మీద చెక్క గరిటెలు చెక్కే ఆయన మమ్మల్ని చూసి ఉలి కింద పెట్టి లేచి నిలబడ్డాడు. "ఎవురు పోయినార్రా?"

"ఎవురూ పోలేదు. మేమే పోతా ఉండాం, ఎగ్జిబిషన్‌కు," అన్నాడు నాయన.

ఆయన గంప చూశాడు, నాయనను చూశాడు, తల అడ్డంగా ఆడించి, "పాపం" అన్నాడు. నాయన తల్లి మీద ఎగిరాడు. "ఆ తెల్లగుడ్డ తియ్యిమా! ఊరంతా చంపేస్తా ఉండాది మనల్ని!" అవ్వ వెనక్కి తిరక్కుండా, "ఎండకు తెల్లగుడ్డే మంచిది, నడువు," అంది. బస్టాండులో తలగుడ్డ తీసిన ముసలాయన సంగతి ముందే చెప్పాను.

బస్సెక్కాక ఇంకా తమాషా. కండక్టరు, "ఎవురమ్మా?" అని మెల్లగా అడిగాడు. నాయన మళ్లీ ఎగ్జిబిషన్ అన్నాడు. కండక్టరు డ్రైవరు దగ్గరికి పోయి, "దుఃఖంలో మతి చెదిరినట్టుండాది మనిషికి," అనడం మాకందరికీ వినిపించింది. అంత రద్దీలో ముందు సీట్లవాళ్లు లేచి మాకు చోటు ఇచ్చారు. నాయన మొదట నిలబడే ఉన్నాడు, కోపంతో. ఒక మలుపు తిరిగింది, రెండు మలుపులు తిరిగాయి, మోకాళ్లు నొప్పి పుట్టి కూర్చున్నాడు. కూర్చున్నాక మా వైపు వంగి, "నవ్వబాకండి. నవ్వితే లేపుతారు," అన్నాడు. అంతే, అన్న మొగం వేలాడేశాడు. నేను కూడా వేలాడేశాను. పక్కనున్న ఆమె నా తల నిమిరి, తన బుట్టలోంచి తాటి ముంజ తీసి ఇచ్చింది. ఏడుపు మొగంతో ముంజ తినడం ఎంత కష్టమో తిన్నవాళ్లకే తెలుసు, నీళ్లు గడ్డం మీదుగా కారిపోతాయి. అది చూసి ఆమె నేను ఏడుస్తున్నాననుకొని ఇంకొకటి ఇచ్చింది. మా వరసలో నిజంగా ఏడ్చింది అవ్వ ఒక్కతే. కిటికీ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, శబ్దం రాకుండా. అన్న నా చెవిలో, "అవ్వ భలే యాక్టు చేస్తా ఉండాదే," అన్నాడు.

ఆత్మకూరు బస్టాండులో బస్సు టీ తాగడానికి ఆగింది. అవ్వ దిగింది. గంప దించమంది. నాయన పిల్లలకు అన్నం పెట్టడానికేమో అనుకొని దించి ఇచ్చాడు. ఆమె దాన్ని నెత్తి మీద పెట్టుకొని బస్టాండు బయటికి నడిచింది.

"యాడికిమా?" అని నాయన అరిచాడు.

"నా కూతురింటికి. అల్లుడు పోతా ఉండాడు. రేపో, ఎల్లుండో. కాదంటే ఈ పూటే."

నాయన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "నేను ఆ గడప తొక్కను," అన్నాడు.

"తొక్కబాక. నిన్నెవురు తొక్కమన్నారు? బస్సెక్కి పో. చక్రమెక్కి తిరుగు. నా కూతురింటి పొయ్యి ఆరిపోతా ఉంటే నా గంప పోకుండా నేను బతికుండేది దేనికి?" అని ఆమె నడిచింది. అప్పుడు అర్థమైంది అమ్మకు, తాళింపు ఎందుకు వద్దన్నదో. రెండు చేతులతో తల పట్టుకొని అవ్వ వెనక పరిగెత్తింది. అమ్మ వెనక నేను. నాయన, అన్న, డబ్బాలు బస్టాండులో మిగిలాయి. (నాకు అప్పటికీ ఒకటే దిగులు. బస్సు పోతుందేమో, జెయింట్ వీల్ పోతుందేమో. పదమూడేళ్ల పిల్లకు అంతకంటే ఏం తోస్తుంది.)

అత్త వాకిట్లో గిన్నెలు తోముతోంది. తలెత్తింది. ఏడేళ్ల తర్వాత పుట్టింటి మనుషులు. అవ్వ, అమ్మ, నేను. ముగ్గురం రొప్పుతున్నాం. అవ్వకు ఆయాసంతో మాట పెగలడం లేదు. నెత్తి మీద తెల్లగుడ్డ గంప. అత్త మా మొగాలు ఒక్కొక్కటే చూసింది, మా వెనక సందు చూసింది. "అన్న ఏడీ? అమ్మా, అన్న ఏడే?" అవ్వ చెయ్యి ఊపింది, కాదు కాదన్నట్టు. అత్తకు అది ఇంకోలా అర్థమైంది. మట్టి చేతులతోనే గుండెలు బాదుకుంది. "అన్నా! పొయినావా అన్నా! ఒక్క మాటన్నా మాట్లాడకుండా పొయినావా! ఏడేండ్లన్నా!" వీధిలో ఆడవాళ్లు క్షణంలో చేరారు. ఏం జరిగిందని కనుక్కోవడం తర్వాత, ముందు ఏడుపు అందుకున్నారు. నేను కూడా ఏడ్చాను. నాయన బస్టాండులో టీ తాగుతున్నాడని తెలిసి కూడా, అందరూ అంత గట్టిగా ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చేసింది.

లోపల మంచం కిర్రుమంది. ఎండుటాకు గీసుకున్నట్టు మామ గొంతు వినిపించింది. "ఎవురు? బామ్మర్దా?" వాకిట్లో ఏడుపు ఇంకా పెద్దదైంది. "వాడు నాకంటే ముందర పోయేదేంది? ఇక్కడ లైన్లో నేను ఉండాను గదా..." దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి మాతో కాదు. "ఒరే పిచ్చోడా. ఆ కూర మంచిదేరా. చచ్చిన గొర్రె అయితే మూడు తూర్లు పెట్టించుకుంటానా నేను? నలుగురూ నగతారని అన్నా. నగినారు. అంతేరా. దానికి ఏడేండ్లు ఎవుడన్నా మూతి ముడుచుకుంటాడా, దానికే చచ్చిపోతాడా..."

"ఇంగోతూరి చెప్పు బావా."

నాయన. వాకిట్లో, గడప అవతల, చంకలో మణుగుబూల డబ్బాతో. బస్సు కదులుతోంది రమ్మని పిలవడానికి వచ్చాడట. ఆయన కోసం ఏడుస్తున్న ఆడవాళ్లు ఆయన్ని చూసి కెవ్వుమన్నారు. ఒకామె కింద కూలబడింది. అత్త నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"చచ్చినోడివి చచ్చినట్టు పడుండకుండా యాడికొచ్చినావురా?" అన్నాడు మామ.

"నా గొర్రె మంచిదని చెప్పినావే, ఆ మాట ఇంగోతూరి చెప్పు. వీళ్లందరూ ఇనాల."

"మంచిదే. మంచిదే. మంచిదే. చాల్నా? లోపలికి రా."

నాయన గడప వైపు చూశాడు. తొక్కనని ఒట్టు పెట్టుకున్న గడప అది. పంచ పైకెత్తి పట్టుకొని, కాలు మోకాలంత ఎత్తు లేపి, దాన్ని తాకకుండా దాటి లోపలికి పోయాడు. ఏడుపు మధ్యలో అమ్మకు నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు అందరికీ ఒక్కసారే తోచింది. నాయన బతికే ఉంటే ఈ గంప ఎవరిది? మామ కళ్లు పసుపు పూసినట్టున్నాయి. ఆ కళ్లు గంప మీదికి పోయాయి, అవ్వ మీదికి వచ్చాయి.

"ఇది నాకా అత్తా?"

అవ్వ మా వంశంలోకెల్లా మొండి మనిషి. అబద్ధం ఆడలేదు. "నీకు కాదు అల్లుడా. నీ ఎనక ఉండేవాళ్లకు. ఆ పూట నా కూతురు దిక్కులేనిదాని మాదిరి ఆకలితో కూచోకూడదు. నా కొడుకు రాడని నేనే తెచ్చినా. తొందరపడినా. ఏమన్నా అనుకో."

మామ ఏమీ అనుకోలేదు. పొట్ట కదిలేట్టు నవ్వాడు, నవ్వు దగ్గయింది. "తెచ్చినావు గదా, ఒక ముద్ద పెట్టు. నా దినం కూడు నేనే రుచి చూసి పోతా." అత్త వద్దు వద్దని చేతులు అడ్డం పెట్టింది. అలాంటి కూడు బతికిన మనిషి నోట్లో పెట్టడమా అని వీధివాళ్లు చెవులు మూసుకున్నారు. అవ్వ ఎవరి మాటా వినకుండా గుడ్డ తీసి, పప్పన్నం కలిపి చిన్న ముద్ద పెట్టింది. మామ దాన్ని చాలాసేపు నోట్లో తిప్పి మింగాడు. "తాళింపు లేదే," అన్నాడు. అవ్వ ఆ మాటకు ఏడ్చింది. ఈసారి శబ్దంతో.

తర్వాత ఆయన నన్ను చూశాడు. కొత్త పావడా, నూనె పెట్టి అల్లిన జడ, గడ్డం మీద ఎండిన ముంజనీళ్లు. "ఏందే, ఇంత సింగారించుకొని మామ చావుకు వచ్చినావా?"

"లేదు మామా. జెయింట్ వీల్ ఎక్కను పోతా ఉండాం."

"అదెట్టుంటాది?"

నేను చెయ్యి గుండ్రంగా తిప్పి చూపించాను. ఇలా పైకి, ఇలా కిందికి.

"పైకి పోయినాక కిందికి దింపుతారా?"

"దింపుతారు మామా."

"అయితే మంచిదే," అన్నాడు. నాయనతో, "పిల్లను తీసకపో, ఇంగో బస్సు ఉంటాది," అని కూడా అన్నాడు. నాయన, "నువ్వు ఊరకుండు బావా," అని మంచం పక్కన కింద కూర్చున్నాడు. ఇంక లేవలేదు. మూడు గంటలప్పుడు మామ నీళ్లు అడిగితే తాగించింది కూడా నాయనే. సగం లోపలికి పోయాయి, సగం బయటికి వచ్చాయి.

పొద్దు వాలకముందే మట్టి చేసి వచ్చారు. అందరూ స్నానాలు చేసి వాకిట్లో కూర్చున్నాక, మామ తరఫు పెద్దామె ఒకామె, "పుట్టింటి గంప వచ్చినాదా?" అని అడిగింది. "వచ్చినాది," అంది అత్త. ఆ ఒక్క మాట తలెత్తి చెప్పింది. ఆ రోజంతా ఆమె తలెత్తిన క్షణం అదొక్కటే. ఆ పెద్దామె ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "మనిషి ఉండంగానే తెచ్చినారంట. గంపే లాక్కపోయినాది," అని గొణిగింది. అవ్వ పప్పు వడ్డిస్తూ వంగిన నడుముతోనే, "అట్టయితే నువ్వు తినబాక, ఆకు మడిచెయ్యి," అంది. ఆమె ఆకు వైపు చూసుకుంది. మధ్యాహ్నం నుంచి కాళ్లు పీక్కుపోయేలా తిరిగిన మనిషి. దాన్ని దగ్గరికి లాక్కొని తినింది. రెండోసారి పెట్టించుకుంది కూడా. ఆ పప్పు పాచిపోలేదు. పాచిపోయేదాకా ఉండలేదు. తినేవాళ్లు ఉన్నారు.

ఇక మణుగుబూలు, పొరివిళంగాయలు. చావింట్లో వాటిని బయటికి తీయకూడదు. కానీ అత్త కూతురు, నాకు మరదలవుతుంది, పదేళ్లది, చప్పిడి పప్పు మింగలేక ఆకు ముందు నుంచి లేచిపోయింది. నేను నాయన తెచ్చిన డబ్బా, అన్న తెచ్చిన డబ్బా పావడా చాటున పెట్టుకొని దాన్ని ఇంటి వెనక కట్టెల చాటుకు తీసుకుపోయాను. మణుగుబూలు కొరికితే కరకర శబ్దం. లోపల ఏడుపు పెద్దదైనప్పుడు కొరికేవాళ్లం, ఏడుపు తగ్గితే నములుడు ఆపేసేవాళ్లం. కొత్తగా ఎవరన్నా బంధువులు వచ్చి గొల్లుమంటే మాకు రెండేసి అయ్యేవి. కాసేపటికి మరదలికి అర్థమైంది, ఆ ఏడుపు వాళ్ల నాయన కోసమని. చేతిలో ముక్క అలాగే పట్టుకొని నా వైపు చూసింది. నేను ఒక పొరివిళంగాయ తీసి దాని నోట్లో పెట్టాను. అది కొరకడానికి రాదు, చప్పరించాల్సిందే, శబ్దం కూడా ఉండదు. నేనూ ఒకటి పెట్టుకున్నాను. బుగ్గలు బయటికి పొడుచుకొచ్చి ఇద్దరం కట్టెల మీద కూర్చున్నాం. అది అరిగేదాకా మరదలు ఏడవలేదు.

దినం అయ్యేసరికి నెల్లూరిలో ఎగ్జిబిషన్ ఎత్తేశారు. దినానికి నాయన ఉదయగిరి నుంచి పొట్టేలును బస్సులో వేయకుండా, నడిపించుకొని వచ్చాడు. తెచ్చి అత్త వాకిట్లో అందరికీ కనిపించేట్టు కట్టేశాడు. కోసేదాకా పక్కనే నిలబడి వచ్చినవాళ్లందరికీ, "చూడండి, బతికే ఉండాది," అని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన మనిషి లేడు.

ఈ మధ్య మనవలు నన్ను పట్టణంలో పెద్ద థీమ్ పార్కుకు తీసుకుపోయారు. నేను అమ్మ ప్లాను ప్రకారం పులుసన్నం, సజ్జ రొట్టెలు, పొరివిళంగాయలు కట్టాను. బయటి తిండి లోపలికి రాకూడదని గేటు దగ్గర డబ్బాలన్నీ పెట్టించేశారు, ఒక పొరివిళంగాయ మాత్రం బుగ్గలోకి తోసుకున్నాను. "నోట్లో ఏముంది పెద్దమ్మా?" అని అడిగాడు గేటు మనిషి. "పంటి నొప్పి నాయనా, వాచింది," అన్నాను. వదిలేశాడు. ఆ బుగ్గతోనే జెయింట్ వీల్ ఎక్కాను. మనవరాలు భయపడి నా చెయ్యి పట్టుకుంది. పైన ఒకచోట అది కాసేపు ఆగింది. గాలి తప్ప ఏమీ లేదు. మామ అడిగిన మాట గుర్తొచ్చింది. దింపారు మామా, దింపారు. నన్ను దింపారు.

ఆ గురువారం ఆత్మకూరులో ఆ ఇంట్లో ఉన్నవాళ్లను చెప్పి ఆపుతాను. గంపతో అవ్వ. గడపకు ఆ పక్క కొంతసేపు, ఈ పక్క చాలాసేపు నాయన. నవ్వినందుకు తర్వాత చాలా ఏళ్లు సిగ్గుపడిన అమ్మ. బస్టాండులో మూటలకు కాపలా ఉండి, అన్నీ అయ్యాక మొగం వేలాడేసుకొని వచ్చిన అన్న, ఆ పూట వాడు యాక్టు చేయలేదు. పొద్దున మా గంప బజారు దాటడం చూసి, సాయంత్రం బస్సుకు వచ్చి వాకిట్లో టోపీ సర్దుకుంటూ నిలబడిన సరుకుల సాయిబు. రెండోసారి పప్పు పెట్టించుకున్న పెద్దామె. తలెత్తి మాట చెప్పిన అత్త. మూడు గంటల దాకా మామ. కట్టెల చాటున మరదలు. దాని పక్కన నేను, బుగ్గలో పొరివిళంగాయతో.